అప్పలస్వామి ఎడమచెయ్యి

విశాఖపట్నం చేపల రేవు వెనకాల, మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ మేడమీద, యాంటెనాలు చేసే ఇంజనీరు మందాకిని లేబరేటరీ ఉండేది. అందులో విలువైనవి రెండే. ఒకటి, యాంటెనాల బాగోగులు తేల్చే ఎనలైజరు. రెండోది, అప్పలస్వామి ఎడమచెయ్యి. ఎనలైజరు పాడైతే బెంగుళూరు పంపి బాగు చేయించుకోవచ్చు. చెయ్యి సంగతి అలా కాదు. వేటకెళ్లే ఇరవై వేలమంది ప్రాణాలు ఆ చెయ్యి కొలత మీద ఆధారపడి ఉన్నాయి. అది తప్పితే అన్నీ తప్పినట్టే. కోతలు కోస్తున్నానని అనుకోకండి, ఎలాగో చెబుతాను.

ఒడ్డు దాటి కొంత దూరం పోయాక ఫోనుకి సిగ్నలుండదు. పడవ తిరగబడితే ఇక ఉపగ్రహానికి కేక వెయ్యాల్సిందే. ఆ కేక వెళ్లేది నాలుగువందల ఆరు మెగాహెర్ట్జుల మీద. దానికి తగ్గ యాంటెనా కావాలంటే దాదాపు జానెడు కడ్డీ ఉండాలి. జానెడు కడ్డీ మణికట్టుకు కట్టుకుని వల లాగేవాడెవడు? పెద్ద పెద్ద కంపెనీలు తయారుచేసిన పెట్టెలున్నాయి గానీ, వాటి ధర వింటే మన జాలరి పడవ అమ్ముకోవాలి.

మందాకినికి వచ్చిన ఆలోచన చాలా తేలిక. తేలిక కాబట్టే అంతకుముందు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు. కడ్డీ ఎందుకు, మనిషున్నాడుగా! ఒళ్లంటే ఉప్పు కలిసిన నీళ్లే కదా, కరెంటు పారుతుంది. బొటనవేలంత రాగిని నైలాను పట్టీ మీద ముద్రించి మణికట్టుకు బిగిస్తే, మిగతా సగం యాంటెనా చెయ్యే అవుతుంది. ఒకే పట్టీలో నాలుగు రేడియో బ్యాండ్లు: ఫోనుకి రెండు, ఎక్కడున్నామో చెప్పడానికి ఒకటి, ఆపద కేకకి ఒకటి. ఖరీదు తొంభై రూపాయలు. హైదరాబాదు సదస్సులో ఆవిడ ఈ మాట చెప్పినప్పుడు ముందు వరసలోని పెద్దలు నమ్మలేక ధర రెండుసార్లు చెప్పించుకున్నారు.

ఇందులో ఒక చిక్కుంది. మనిషిని యాంటెనాలో సగం చేశాక, మనిషి లేకుండా యాంటెనాని కొలవలేం. ఈ పనికి విదేశాల్లో జిగురు పదార్థం నింపిన బొమ్మ చేతులు అమ్ముతారు. అది ఒక్కటి కొంటే లేబరేటరీ మూసుకోవాలి. అందుకని మొదటి ఏడాది మందాకిని దొరికినవాళ్లందరి చేతులూ కొలిచింది. ఐసు మోసేవాళ్లు, ఆటోవాళ్లు, కాలేజీ ఆడపిల్లలు, ఆఖరికి కరెంటు బిల్లు ఇవ్వడానికి వచ్చినాయన కూడా. మొత్తం ముప్ఫైమంది. వాళ్లందరి కొలతల్లో నట్టనడుమ పడింది ఎవరిదయ్యా అంటే, ఆ కొలతలన్నీ కాగితం మీద రాస్తున్న టెక్నీషియన్ అప్పలస్వామిదే.

ఆ రోజు నుంచి ఆ చేతికి పట్టాభిషేకం జరిగిపోయింది. అప్పలస్వామికి నలభై ఎనిమిదేళ్లు. ఊరు శ్రీకాకుళం అవతల ఉద్దానం. ఊరిమాట ఎత్తితే మాట మార్చేస్తాడు. చేతి మాట ఎత్తితే మాత్రం ముఖం వికసిస్తుంది. ఎడంచేత్తో బరువు ఎత్తడు, గడియారం కుడిచేతికి మార్చుకున్నాడు. "ఆ సేతికి దిష్టి తియ్యాల, నాకు సెయ్యడానికి పనేటి లేదు గదా!" అని అతని భార్య పైడమ్మ లేబరేటరీకొచ్చి మరీ ఎగతాళి చేసేది.

ప్రతి సోమవారం పొద్దున్న పదింటికి అప్పలస్వామి చొక్కా చెయ్యి మడిచి బల్లమీద పెట్టేవాడు. మందాకిని మూల పట్టీ కట్టేది. ఇరవై వేల పట్టీలకూ అచ్చు దిమ్మ తయారయ్యేది దాన్ని చూసే. ఎనలైజరు తెరమీద ఒక గీత, గీతలో నాలుగు గుంటలు. గుంట ఎక్కడ పడితే పట్టీ అక్కడ పలుకుతున్నట్టు. మూడు గుంటలు ఎప్పుడూ చెప్పినచోటే ఉండేవి. ఆపద కేకకి సంబంధించిన నాలుగోదే, గడిచిన పద్నాలుగు నెలలుగా కొంచెం కొంచెంగా ఎడమకి జరగడం మొదలుపెట్టింది.

"ఎంత జరిగింది స్వామీ?"

"రొండు గళ్లమ్మా."

"బ్లేడు ఇలా ఇవ్వు."

గుంట ఎడమకి జరిగిందంటే రాగి పొడవు ఎక్కువైందని యాంటెనాలు చేసేవాళ్ల లెక్క. ఎవరైనా చేసేది ఒకటే, కొస గీకడం. మందాకిని వెంట్రుకవాసి గీకేది. గుంట బుద్ధిగా వచ్చి నాలుగువందల ఆరు మీద కూర్చునేది. "వొచ్చీసింది!" అనేవాడు అప్పలస్వామి. ఇద్దరూ టీ తాగేవాళ్లు.

ఎందుకు జరుగుతోందన్న ప్రశ్న ఆవిడకి రాకపోలేదు. వచ్చింది, జవాబూ దొరికింది, అదే ఇబ్బంది అయింది. ఐసు ఫ్యాక్టరీ సముద్రం పక్కనే. ఉప్పుగాలికి నైలాను చెమ్మ పీల్చి ఉబ్బుతోందని ఆవిడ సిద్ధాంతం. దానిమీద వ్యాసం రాసింది. నాలుగు గ్రాఫులతో అచ్చయింది కూడా. చదువుకున్నవాళ్ల తప్పుకి ఎప్పుడూ గ్రాఫులుంటాయి.

మార్చిలో పైడమ్మ క్యారేజీ పట్టుకొచ్చి, మేడమెట్ల దగ్గరే మందాకినిని ఆపింది.

"మేడమ్మగారూ, ఈయన సరిగ్గా తినడం లేదండి. రొండు ముద్దలకే సాలంతాడు. సాయంత్రానికి కాళ్లకి సెప్పులు పట్టవు. మీరు సెప్తే ఇంతాడు, ఒక పాలి డాకటేరుకి సూపించమని సెప్పండి."

"రోజంతా నిలబడుతున్నాడు కదా పైడమ్మా, అందుకే అయ్యుంటుంది. ఎత్తు స్టూలు ఒకటి తెప్పిస్తాను, కూర్చుని చేస్తాడు."

అన్నట్టే స్టూలు తెప్పించింది. మంచి స్టూలు, మెత్త కూడా ఉంది. మందాకిని దుర్మార్గురాలు కాదని తెలియడానికి ఈ స్టూలు సంగతి చెబుతున్నాను. అప్పలస్వామి దానిమీద కూర్చుని సోమవారం సోమవారం చెయ్యి బల్లమీద పెడుతూనే ఉన్నాడు.

వేట నిషేధం ఏప్రిల్ మధ్యలో మొదలై జూన్ పద్నాలుగుతో అయిపోతుంది. పదిహేనో తారీకు తెల్లవారితే పడవలన్నీ ఒక్కసారిగా సముద్రం మీద పడతాయి. ఆలోగా పట్టీలు అందరి చేతులకీ ఉండాలని ప్రభుత్వం వారి షరతు. మే నెలాఖరుకి ఇరవై వేలూ అచ్చయిపోయాయి. ఇక మిగిలింది జాలర్ల చేతికి కట్టి ఒకసారి చూడడమే. అది లాంఛనమే అనుకుంది మందాకిని.

భీమిలి దాటాక ఒక చిన్న పేట. పడవలు ఇసకలోకి లాగి ఉన్నాయి. మగవాళ్లంతా తాటాకు పందిరి కింద వలలు బాగుచేసుకుంటున్నారు. పేట పెద్ద సూరాడ దానయ్య అందరినీ వరసలో నిలబెట్టాడు. అప్పలస్వామి ఎనలైజరు పట్టుకున్నాడు, మందాకిని పట్టీలు కట్టింది.

మొదటివాడికి గుంట నాలుగువందల పదిహేడు దగ్గర పడింది. పదకొండు మెగాహెర్ట్జులు కుడికి! అంత తేడాలో కేక వేస్తే ఉపగ్రహానికి గుసగుస కూడా వినబడదు. పట్టీ లోపమనుకుని మార్చింది. అదే కథ. రెండోవాడికి నాలుగువందల పదహారు. మూడోవాడికి నాలుగువందల పద్దెనిమిది. మధ్యాహ్నానికి నలభైమందీ అయ్యారు. ఒక్కడికంటే ఒక్కడికి కూడా గుంట ఉండాల్సిన చోట లేదు.

"ఏటమ్మా, ఎలగుంది?" అన్నాడు దానయ్య.

"తప్పు వస్తోందయ్యా."

"ఎవుడికి?"

"అందరికీ." కాసేపు ఆలోచించి ఆవిడ తనకు తెలిసిన పద్ధతిలో కారణం వెతికింది. "మీరు పొద్దస్తమానం ఎండలో, ఉప్పునీళ్లలో ఉంటారు. మీ ఒంటి తీరే వేరయి ఉంటుంది. లేబరేటరీలో మాకు సరిగ్గానే వస్తోంది మరి."

దానయ్య చుట్ట పక్కన పెట్టాడు. "లేబులో ఎంతమందికి కట్టి సూసినావమ్మా?"

"ఒకరికి."

"ఇక్కడ నలబైమందిమి ఉన్నాము. తాగినోడున్నాడు, తాగనోడున్నాడు. లావుగున్నోడున్నాడు, బక్కోడున్నాడు. మొన్న పెళ్లైన కుర్రోడున్నాడు, మనవలున్న ముసిలోడున్నాడు. మాకందరికీ ఒకేలాగ తప్పైపోనాది, నీకాడున్న ఒక్కడే సరైనోడంటావు! ఆ ఒక్కడినీ ఓపాలి సూసుకో తల్లీ."

చుట్టూ ఉన్నవాళ్లు గొల్లున నవ్వారు. అప్పలస్వామి ఎనలైజరు పెట్టెకి తాళం వేస్తూ తల ఎత్తలేదు.

తిరుగుదారిలో జీపు ముందు సీట్లో అతను కూర్చున్నాడు. చెప్పులు విప్పేసి పక్కన పెట్టుకున్నాడు. చెప్పు పట్టీ ఉన్నచోట పాదం మీద లోతుగా అచ్చు పడి ఉంది. అచ్చుకి రెండు పక్కలా పాదం పొంగి నున్నగా మెరుస్తోంది. మందాకిని ఆ పాదాన్ని విశాఖపట్నం దాకా చూస్తూనే ఉంది. పైడమ్మ చెప్పింది గుర్తొచ్చింది. స్టూలు కూడా గుర్తొచ్చింది.

మర్నాడు బీరువాలోంచి రెండేళ్ల కిందటి మొట్టమొదటి పట్టీని తీసింది. ఒక్కసారి కూడా గీకని పట్టీ అది. ఒంటరిగా ఆటో మాట్లాడుకుని పేటకి వెళ్లి దానయ్య చేతికి కట్టింది. నాలుగువందల ఆరు! ఇంకో పదిమందికి కట్టింది. ఆరు, ఐదు, ఆరు, ఏడు. ఇసకలోనే కూలబడి, ఒళ్లో సోమవారాల నోటుబుక్కు తెరిచి, పద్నాలుగు నెలల గీకుళ్లన్నీ కూడింది. మొత్తం రాగి చిటికెనవేలి గోరంత. గోరంత రాగి అంటే పదకొండు మెగాహెర్ట్జులు.

నైలాను ఉబ్బలేదు. రాగి పెరగలేదు. ఉబ్బింది మనిషి.

ఒంట్లో చేరకూడని నీరు చేరుతోంటే గుంట ఎడమకి జరుగుతోంది. అరవై సోమవారాలు ఆ పట్టీ ఆపద కేక వేస్తూనే ఉంది. వేసినప్పుడల్లా ఆవిడ బ్లేడుతో దాని నోరు మూసింది. ఉద్దానం అనగానే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది కిడ్నీల జబ్బే. ఎందుకొస్తుందో ఎవరికీ తెలియకుండానే ఇళ్లకిళ్లు ఖాళీ చేసిన జబ్బు. ఆవిడకి కూడా తెలుసు. అప్పలస్వామిది ఉద్దానమనీ తెలుసు. ఈ రెండిటినీ ఒకచోట పెట్టి చూడడానికి ఆవిడకి ఎప్పుడూ తీరిక చిక్కలేదు, అంతే.

ఇప్పుడు ఆవిడ చెయ్యాల్సిన పని ఒకటే. ఆ సాయంత్రమే అతన్ని ఆసుపత్రికి పంపాలి. పంపలేదు. ఇక్కడ ఆవిడని వెనకేసుకురావడం నావల్ల కాదు. వేటకి పద్నాలుగు రోజులే ఉంది, తేడా ఎంతో కచ్చితంగా తేలాలంటే పాత పట్టీనీ కొత్త పట్టీనీ జాలర్ల చేతులమీదా, అప్పలస్వామి చేతిమీదా పక్కపక్కన కొలవాలి. ముందు ఇది చెబితే అతను కంగారు పడతాడు, రేపట్నించి రాడు. ఇరవై వేలమందా, ఒక్కడా అని తనని తనే ప్రశ్నించుకుంది. అలా ప్రశ్నించుకున్నవాళ్లకి జవాబు ముందే తయారుగా ఉంటుంది.

"మల్లీ నా సెయ్యేనా అమ్మా?" అన్నాడు అప్పలస్వామి.

"ఇంకొక్కసారి స్వామీ."

మూడు రోజులు, పూటకి నాలుగుసార్లు. పాత పట్టీ అతని చేతిమీద ఎంత ఎడమకి పడుతోందో అతనికీ కనబడుతూనే ఉంది. ఆవిడ బ్లేడు అడగలేదు. అతనూ అందివ్వలేదు. మూడోరోజు లెక్క తేలింది. ప్రతి పట్టీకీ కొసన గోరంత రాగిరేకు అతికిస్తే చాలు. రేవులో చేపలు ఎండబెట్టే ఆడవాళ్లు నలభైమందిని పిలిచి, ఐసు ఫ్యాక్టరీ కింద హాల్లో చాపలు పరిచి కూర్చోబెట్టింది. పది రోజుల్లో ఇరవై వేలూ అతికించేశారు. పట్టీల పని అంత తేలిగ్గా అయిపోయింది.

నాలుగోరోజు పొద్దున్న మందాకిని చెప్పింది. "స్వామీ, నీ ఒంట్లో నీరు చేరుతోంది. రేపు మనం ఆసుపత్రికి వెళ్తున్నాం. రక్తపరీక్ష చేయించాలి."

"వొద్దమ్మా. మా ఊళ్లో రగతం ఇచ్చొచ్చినోడు మల్లీ లెగలేదు. మా అన్నలిద్దరూ ఇలగే ఎల్లి కాయితం తెచ్చుకున్నారు. కాయితం వొచ్చిందాకా బాగానే ఉన్నారు."

"కాగితం చంపదు స్వామీ."

"మీకు తెలీదమ్మా," అన్నాడతను. కానీ మర్నాడు వచ్చాడు.

ఆసుపత్రిలో కుర్ర డాక్టరు కాగితం రెండుసార్లు చూసి, రెండు కిడ్నీలూ కలిపి పదోవంతు పనిచేస్తున్నాయన్నాడు. ఏడాది కిందట తెచ్చి ఉంటే మందులతో చాలాకాలం నెట్టుకొచ్చేవాళ్లమన్నాడు. ఆ మాట అతను మామూలుగానే అన్నాడు, రోజూ అనే మాటే కాబట్టి. డయాలిసిస్‌కి రక్తనాళం సిద్ధం చెయ్యాలి, ఎడమచేతికి చేస్తామన్నాడు. వరండాలో బెంచీమీద కూర్చున్న పైడమ్మకి మందాకినే ఈ సంగతి చెప్పింది. ఎలా తెలిసిందో, ఎప్పటినుంచి తెలియాల్సిందో కూడా దాచకుండా చెప్పింది.

పైడమ్మ గోల పెట్టలేదు. "వారం వారం ఆ సేతిని అంత సూసినారు గదమ్మా," అంది. "సేతెనకాల మనిసిని ఒక్కపాలి కూడా సూడలేదేటి?"

మందాకినికి అక్కణ్నించి లేచి వెళ్లిపోదామనిపించింది. వెళ్లలేదు, అదే బెంచీమీద ఆ చివరన కూర్చుంది.

జూన్ పదిహేనున పడవలు వెళ్లాయి. జులై నెల రెండోవారంలో, కళింగపట్నానికి తూర్పున గాలివానలో ఒక పడవ తిరగబడింది. నీళ్లలో ఉన్న ఐదుగురి మణికట్ల నుంచి కేకలు వెళ్లాయి. ఐదూ ఉపగ్రహానికి అందాయి. కోస్టుగార్డువాళ్లు మూడు గంటల్లో వాళ్లని ఒడ్డుకి తీసుకొచ్చేశారు. పేపర్లలో మందాకిని ఫొటో వేశారు. సన్మానానికి పిలిచారు గానీ ఆ రోజు తనకి వీలుపడదంది. ఆ రోజు మంగళవారం, అప్పలస్వామికి డయాలిసిస్ ఉండే రోజు.

వార్డులో అతను పడుకుని ఉన్నాడు. పక్కన యంత్రం నెమ్మదిగా తిరుగుతోంది. మందాకిని వార్త చెప్పింది. అప్పలస్వామి ముఖం వెలిగింది.

"అయిదుగురూనా అమ్మా?"

"ఐదుగురూ. ఒకడికి పదహారేళ్లట."

"బాగుంది, శానా బాగుంది." కాసేపు కళ్లు మూసుకుని నవ్వుకున్నాడు.

మందాకిని అప్పుడు అసలు మాట ఎత్తింది. "స్వామీ, నీకొకటి చెప్పాలి. పేటనుంచి వచ్చిన మర్నాడే నాకు తెలిసిపోయింది, తప్పు నీ ఒంట్లో ఉందని. తెలిసి కూడా మూడు రోజులు నీ చెయ్యి కొలుస్తూ కూర్చున్నాను. లెక్క తేలాకే చెప్పాను. నువ్వేమన్నా పడతాను."

"మూడు రోజులేటమ్మా," అన్నాడు అప్పలస్వామి. "నాకు ఏడాది నుంచీ తెల్సు."

ఆవిడకి ముందు అర్థం కాలేదు.

"పోనేడు ఒక ఆదోరం, మీరు లేనప్పుడు, పైడమ్మని లేబుకి తీసుకొచ్చి దాని సేతికి పట్టీ కట్టి సూసినాను. దానికి గుంట కుడికి పడింది. నాకు సరిగ్గా పడతాది, దానికి తప్పు పడతాది. ఆడమనిసి సెయ్యి గదా, సన్నం గదా, అందుకే అనుకున్నాను. అలగే అనుకోవాలని అనుకున్నాను. మా అన్నలకి ఎలగొచ్చిందో సూసినోణ్ణి, నాకు తెలీదేటి?"

"మరి నాకెందుకు చెప్పలేదు?" మందాకిని గొంతు పెరిగింది. పక్కమంచం మీద ఆయన తల తిప్పి చూశాడు. "స్వామీ, ఇరవై వేలమంది! ఆ దానయ్య అడక్కపోతే ఏమైపోయేవాళ్లు?"

"తప్పేనమ్మా. ఆ నలబైమంది నిలబడినప్పుడు సిగ్గుతో సచ్చిపోనాను." అతను పైకప్పు వంక చూపు తిప్పాడు. తర్వాత మెల్లగా అన్నాడు. "సోమారం వొచ్చిందంటే బయమేసీదమ్మా. గుంట ఎడం పక్కకి జరిగి ఉండీది. అది సూసి, అయిపోనాదిరా అనుకునీవోణ్ణి. అప్పుడు మీరు బ్లేడు తీసి ఒక్క గీకు గీకీవోరు. గుంట గీత మీదకొచ్చి కూకునీది. నాకు నయమైపోయినట్టే ఉండీదమ్మా. మల్లీ సోమారం దాకా ఇంటికాడ దైర్నంగా తిరిగీవోణ్ణి."

మందాకినికి ఏడుపొచ్చింది. ఆపుకోలేదు, ఆపుకోవాలని కూడా అనుకోలేదు. యంత్రం ఆగడానికి ఇంకా రెండు గంటలుంది. ఆవిడ కుర్చీ మంచానికి దగ్గరగా లాక్కుని, పైడమ్మ క్యారేజీ తీసుకుని వచ్చేదాకా అతని ముఖం చూస్తూ కూర్చుంది.